మామయ్య ఆర్కెస్ట్రా నాటి ట్రాన్సిస్టర్ గిటార్ ఆంప్: బాగవుతుందా, పెట్టె ఉంచుకుని లోపలిది పారెయ్యాలా?

కొత్తపేట_కుర్రోడు

అందరికీ నమస్కారమండి. మా మేనమామ 70ల చివర్లో ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు వాయించేవారు. ఆయన వాడిన ఆంప్లిఫయర్ అటక మీంచి దింపేం. కంపెనీది కాదు, అప్పట్లో రాజమండ్రిలో ఒక మెకానిక్ చేత కట్టించుకున్నారట. ప్లైవుడ్ పెట్టె, నల్ల రెగ్జిన్, 12 అంగుళాల స్పీకరు. ముందు పలక మీద గిటార్, మైక్, బాస్, ట్రెబుల్ నాబులతో పాటు స్పీడ్, డెప్త్ అని ఇంకో రెండున్నాయి. లోపల చూస్తే వేడిని లాగే హీట్‌సింక్ మీద రెండు 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్లు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఇంకో బుల్లి ట్రాన్స్‌ఫార్మర్. సర్క్యూట్ బొమ్మ లేదు.

96 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయి తడిసిందని అత్తయ్య చెప్పింది. ఆ తరవాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ప్లగ్గు పెట్టి చూడాలని చేతులు దురద పెడుతున్నాయి గానీ, ముందు మీ మాట విందామని ఆగేను. సోల్డరింగ్ ఓ మాదిరిగా వచ్చు, డిజిటల్ మీటరుంది. సంక్రాంతికి వాయించగలిగితే చాలు.

యానాం_తీగ

పెట్టెయ్యి తమ్ముడూ. సంక్రాంతి దాకా ఎందుకు, దీపావళి ఇవాళే చేసేసుకోవచ్చు.

తణుకు_మాస్టారు

ఆయన మాట విని నిజంగా పెట్టేవు బాబూ! పాతికేళ్ళ పైన కరెంటు చూడని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లకి లోపలి ఆక్సైడు పొర పలచబడిపోయి ఉంటుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ పడితే అవి షార్టయినా అవుతాయి, పేలినా పేలతాయి. వాటి వెనకాలే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. మిగతావన్నీ కొట్లో దొరుకుతాయి, అది మటుకు మళ్ళీ చుట్టించుకోవాలి.

ముందు సీరీస్ బోర్డు తయారు చేసుకో. ఫేజు వైరుకి మధ్యలో హోల్డరు పెట్టి 100 వాట్ల ఫిలమెంటు బల్బు వెయ్యి, దాని తరవాత సాకెట్టు. ఆంప్‌లో షార్టుంటే బల్బు నిండుగా వెలిగి కరెంటు తన మీద వేసుకుంటుంది. అంతా సవ్యంగా ఉంటే కండెన్సర్లు నిండేటప్పుడు ఒక్కసారి మెరిసి ఎర్రటి తీగలా మిగులుతుంది. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, అది గుర్తుంచుకో.

కొత్తపేట_కుర్రోడు

మాస్టారూ, మా ఊళ్ళో అడిగితే ఫిలమెంటు బల్బా అని నవ్వుతున్నారండి. అన్నీ ఎల్‌ఈడీలే.

అంబాజీపేట_బాసు

అనపర్తి, మండపేట వైపు ఎవరైనా వెళ్తుంటే తెమ్మను. కోళ్ళఫారాల్లో పిల్లలకి వెచ్చదనం కోసం ఇప్పటికీ అవే వాడతారు.

పాలకొల్లు_పవర్

నేను మైకుసెట్టు నడుపుతానండి, మొహమాటం లేకుండా చెప్తాను. ఇది కాలక్షేపం. ఛాసిస్ (లోపలి లోహపు చట్రం) ఊడదీసి టీడీఏ7294 ఐసీ ఉన్న రెడీమేడ్ బోర్డు ఒకటి, దానికి సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పడేస్తే సాయంత్రానికి గిటారు మోగుతుంది. పెట్టె మామయ్యదే, స్పీకరూ మామయ్యదే. 2ఎన్3055 సర్క్యూట్ల మీద చిన్నప్పుడు చేతులు కాల్చుకున్నాం, ఇంకా ఎందుకండీ?

తణుకు_మాస్టారు

మోగుతుంది, కాదనను. కానీ అది మామయ్య ఆంప్ అవ్వదు, మామయ్య పెట్టెలో ఇంకోడి ఆంప్ అవుతుంది. బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ఉందన్నాడు చూడు, అది డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్. దాని సెకండరీలో రెండు చుట్లు విడివిడిగా ఉంటాయి. ఒకటి పై 2ఎన్3055కి, ఇంకోటి దానికి ఎదురు ఫేజులో కింది దానికి సిగ్నలిస్తుంది. 2ఎన్3055 ఎన్‌పీఎన్ రకం. దానికి తిరగేసిన రకమైన పీఎన్‌పీ జోడీ పవర్‌కి సరిపడా దొరకడం కష్టమైన రోజుల్లో రెండూ ఎన్‌పీఎన్‌లే పెట్టి పని కానిచ్చుకున్న పద్ధతి. గట్టిగా వాయిస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుపరేకులు అయస్కాంతంతో కాస్త నిండిపోయి స్వరం అంచు మెత్తబడుతుంది. ఐసీ అలా చెయ్యదు, పరిమితి దాటగానే టక్కున నరుకుతుంది.

పైగా ఇందులో పాడైనవి నాలుగైదు వస్తువులు మించవని నా లెక్క. వాటికోసం మొత్తం పీకడమెందుకు?

పాలకొల్లు_పవర్

సరే మాస్టారూ, మీ లెక్క చూద్దాం. కుర్రోడూ, పని మొదలెట్టే ముందు ఫ్యూజు తీసి ఫొటో పెట్టు. అందులోనే సగం జాతకం తెలుస్తుంది.

కొత్తపేట_కుర్రోడు

ఫొటో పెట్టేను చూడండి. గాజు ఫ్యూజు మీద సిగరెట్టు పెట్టెలోని తగరపు కాయితం చుట్టి ఉంది!

పాలకొల్లు_పవర్

ఆయ్! చెప్పేను కదా. ఎవరో ఫంక్షను మధ్యలో ఆ పని చేసేరు. అంటే తుఫానుకి ముందే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయింది, ఫ్యూజు కొట్టేస్తుంటే తగరం చుట్టేరు. ఇక్కడ నేను మాస్టారితో ఏకీభవిస్తాను. సీరీస్ బల్బు లేకుండా దాని జోలికెళ్ళకు.

మూడోపిన్ను

కాకినాడ నుంచి, వృత్తి రీత్యా ఎలక్ట్రికల్ ఇంజనీరుని. ఫొటోలో ఇంకోటి కనిపిస్తోంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. వెనక నుంచి వస్తున్న వైరు రెండు తీగల గోధుమ రంగు వైరు, చివర రెండు పిన్నుల ప్లగ్గు. అంటే ఛాసిస్‌కి ఎర్త్ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ఇన్సులేషన్ తడిసి ఎక్కడైనా దిగిపోయిందంటే 230 వోల్టులు ఛాసిస్‌కి, అక్కణ్ణుంచి గిటారు తీగలకి వస్తాయి. వేళ్ళు తీగల మీద, పెదవులు మైకు మీద. తీర్థాల్లో జనరేటరు మీద నడిపే స్టేజీలకి ఎర్త్ రాడ్ ఎవరు పాతుతున్నారు చెప్పండి? పెదవికి షాక్ కొట్టిందని నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు.

అన్నిటికంటే ముందు ఈ పని చెయ్యి తమ్ముడూ. మూడు తీగల వైరు తెచ్చి, పచ్చదాన్ని ఛాసిస్‌కి విడిగా ఒక బోల్టు పెట్టి, పెయింటు గీకి, స్టార్ వాషరుతో బిగించు. ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన బోల్టునే దీనికి వాడొద్దు, అది ఎప్పుడో వదులవుతుంది. ఫ్యూజూ స్విచ్చీ రెండూ ఫేజులోనే ఉండాలి. తరవాత బోర్డుని వేరు చేసి, ప్రైమరీకీ ఛాసిస్‌కీ మధ్య మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) 500 వోల్టుల దగ్గర చూడాలి. మీ ఊళ్ళో మోటార్లు చుట్టేవాళ్ళ దగ్గర మెగ్గర్ ఉంటుంది, టీ ఇప్పిస్తే చూసిపెడతారు.

కొత్తపేట_కుర్రోడు

అక్కా, మోటార్ల షాపాయన మెగ్గర్‌తో చూసేడు. ముల్లు అనంతం దగ్గరే నిలబడింది, ట్రాన్స్‌ఫార్మర్ బాగుందన్నాడు. టీ వద్దని గిటారు వాయించి వినిపించమన్నాడు. మూడు తీగల వైరు వేసేసేను.

బోర్డు తీసి చూస్తే అడుగునంతా పచ్చటి చిలుము. ఒక మూల బొద్దింక గుడ్లు. వాల్యూం కంట్రోలు తిప్పితే ఇసక నూరినట్టు తగులుతోంది.

గల్ఫ్_గోదారి

బొద్దింకలకి వెచ్చటి ట్రాన్స్‌ఫార్మరంటే ప్రాణం. కువైట్‌లో బాగుచేసే వాటిలోనూ అవే కనిపిస్తాయి.

చిలుముకి ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పాత పళ్ళబ్రష్షు. రుద్ది, తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టు. గోధుమ రంగు హైలం బోర్డు కాబట్టి రాగి రేకు వేడికి తేలిగ్గా లేచిపోతుంది. 25 వాట్ల ఐరను చాలు, ఒక్కో టంకం దగ్గర రెండు మూడు సెకండ్లు మించి ఆనించకు. ఏదైనా తియ్యబోయే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకో. డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్ల రంగులు కాయితం మీద రాసుకో. అందులో ఒక్క చుట్టు తిరగబడితే రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లూ ఒకేసారి తెరుచుకుంటాయి, ఆ తరవాత యానాం అన్న చెప్పిన దీపావళే.

వాల్యూం కంట్రోలుకి కాంటాక్ట్ క్లీనరు కొట్టి, నాబు అటూ ఇటూ బాగా తిప్పు.

యానాం_తీగ

మా నాన్నారు కొబ్బరినూని వేసేవారు. ఓ నెల నున్నగా తిరిగేది.

గల్ఫ్_గోదారి

ఆ నెల తరవాత దుమ్మంతా నూనెకి పట్టి ముద్దయ్యేది, ఆ ముక్క కూడా చెప్పన్నా. కోనసీమ రేడియోలు సగం అలాగే పోయేయి.

కొత్తపేట_కుర్రోడు

శుభ్రం చేసేసేను. ఇన్‌పుట్‌లో బీసీ149, ఆ తరవాత రెండు బీసీ148లు, డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ని నడిపేది ఎస్‌ఎల్100. మెయిన్ ఫిల్టర్ కండెన్సరు 2200 మైక్రోఫారడ్, 50 వోల్టులు. దాని అడుగు రబ్బరు ఉబ్బింది, చుట్టూ తెల్లటి బూజు. స్పీకరుకి వెళ్ళే దారిలో అలాంటిదే ఇంకో 2200 ఉంది. దీన్ని మార్చాలా? పైకి బాగానే కనిపిస్తోంది.

తణుకు_మాస్టారు

రెండూ మార్చు. మైకా, సిరామిక్, పాలిస్టర్ కండెన్సర్ల జోలికి మటుకు పోకు, అవి తేలిగ్గా పోవు. కంగారులో అన్నీ పీకేసేవాళ్ళే బోర్డులు పాడు చేస్తారు.

ఒక లెక్క చెప్తాను విను. సెకండరీ దగ్గర 34 వోల్టుల ఏసీ ఉందనుకో, రెక్టిఫయరు తరవాత దానికి 1.41 రెట్లు, అంటే సుమారు 48 వోల్టుల డీసీ. కరెంటు సరిగ్గా 230 ఉన్నప్పటి మాట ఇది. మన డెల్టాలో సాయంత్రం చెరువుల మీద ఏరేటర్లన్నీ వేసినప్పుడు వోల్టేజీ కిందకి జారుతుంది, లోడు తగ్గిన అర్ధరాత్రి 250 దాకా పాకుతుంది. 250 దగ్గర నీ డీసీ 52. మరి కండెన్సరు 50 వోల్టులదే. కట్టినాయన మీద తప్పు పెట్టను, ఆ రోజుల్లో దొరికింది వేసేడు. నువ్వు 63 వోల్టులది, 105 డిగ్రీలది వేసుకో. కెల్ట్రాన్‌వి దొరికితే అవే తీసుకో.

కొత్తపేట_కుర్రోడు

కొత్త కండెన్సర్లు వేసి, స్పీకరు కనెక్షను తీసేసి సీరీస్ బల్బు మీద పెట్టేను. బల్బు నిండుగా వెలిగింది, తగ్గలేదు. వెంటనే ఆపేసేను.

పాలకొల్లు_పవర్

2ఎన్3055లు రెండూ ఊడదియ్యి. మీటరు డయోడ్ రేంజిలో పెట్టి ట్రాన్సిస్టర్ మూడు కొసల్లో బేస్ నుంచి ఎమిటరుకి, బేస్ నుంచి కలెక్టరుకి సుమారు 0.5, 0.6 చూపించాలి, తిరగేస్తే ఏమీ చూపించకూడదు. కలెక్టరు, ఎమిటరు మధ్య ఎటు పెట్టినా ఖాళీయే. అలాగే ట్రాన్సిస్టర్ కింద మైకా ముక్క పగిలిందేమో చూడు. ఈ ట్రాన్సిస్టర్ల లోహపు ఒళ్ళే కలెక్టరు. మైకా చిట్లితే నేరుగా ఛాసిస్‌కి షార్టే.

కొత్తపేట_కుర్రోడు

పై ట్రాన్సిస్టర్ కలెక్టర్-ఎమిటర్ మధ్య 0.3 ఓములు. చచ్చింది. కింది దానిది మైకా మూల చిట్లింది, ట్రాన్సిస్టర్ బాగానే ఉంది. రెండూ తీసి బల్బు మీద పెడితే ఒక్క మెరుపు మెరిసి ఆరినట్టైపోయింది. డీసీ 47.6.

పాలకొల్లు_పవర్

చూసేరా, తగరం కాయితం జాతకం. రెండూ జతగా కొత్తవి వెయ్యి. కానీ బాబూ, 2ఎన్3055 పేరుతో బజార్లో దొరికేవాటిలో సగం దొంగవి. అసలు దానికి 60 వోల్టులు, 15 ఆంపియర్లు, 115 వాట్లు. దొంగదాని టోపీ కోసి చూస్తే లోపల చిప్పు బియ్యపు నూకంత ఉంటుంది. కొనేముందు దూదికి గోళ్ళరంగు తుడిచే అసిటోను రాసి అక్షరాల మీద రుద్దు. పోతే వదిలెయ్యి. పాత పవర్ సప్లయిలు, స్టెబిలైజర్లు తుక్కులో కనిపిస్తే వాటిలోంచి పీకినవి నయం.

కొత్త మైకాకి రెండు వైపులా తెల్ల పేస్టు పలచగా. ఎక్కువ రాస్తే చల్లారదు, తక్కువైనా చల్లారదు. బోల్టులకి ప్లాస్టిక్ బుషింగులు మర్చిపోకు. బిగించేక కలెక్టరుకీ ఛాసిస్‌కీ మధ్య మీటరు పెట్టి చూసేకే కరెంటు ఇవ్వు.

కొత్తపేట_కుర్రోడు

కొత్త జత వేసేను. అక్షరాలు పోలేదు. బల్బు మసగ్గానే ఉంది. రెండు ట్రాన్సిస్టర్ల నడిమి పాయింటు దగ్గర సగం, అంటే 24 ఉండాలి కదా? నాకు 28 చూపిస్తోంది. స్పీకరు పెట్టి వాయిస్తే గట్టిగా వాయించినప్పుడు బాగానే ఉంది. మెల్లిగా మీటితే నోటు తోకలో గరగరలాడుతూ తెగిపోతోంది.

తణుకు_మాస్టారు

ఇక్కడే ఆగు. దేన్నీ మార్చకు. ఇప్పుడు మీటరుతో ఆలోచించాలి.

మెల్లిగా వాయించినప్పుడే గరగరంటే అది క్రాసోవర్ డిస్టార్షన్. సిగ్నల్ సున్నా దాటేటప్పుడు ఒక ట్రాన్సిస్టర్ ఆగి ఇంకోటి అందుకోవాలి. రెండూ ఆ కాస్త సేపు నిద్రపోతున్నాయి. బేసుకి నిలకడగా 0.6 పైచిలుకు వోల్టులు అందితే అవి సగం మెలకువగా ఉంటాయి. దాన్నే బయాస్ అంటారు, అది అందడం లేదు.

మరి 28 ఎందుకొచ్చింది? నువ్వు పెట్టిన ఫొటోలో ప్రతి ట్రాన్సిస్టర్‌కీ ఒక 1 కె (వెయ్యి ఓములు), ఒక 27 ఓముల రెసిస్టర్ల జత కనిపిస్తోంది. పై జత సప్లయి నుంచి నడిమి పాయింటుకి, కింది జత అక్కణ్ణుంచి గ్రౌండుకి. రెండు జతలూ సమానమైతే 24. నడిమి పాయింటు పైకి పాకిందంటే కింది జత విలువ పెరిగిందన్నమాట. ఆ 1 కె మీద అరవాటు పైన నిత్యం కాలుతుంది, ఏళ్ళ మీద కార్బన్ రెసిస్టర్ విలువ పెరగడం సహజం. 48 వోల్టుల దగ్గర 28 రావాలంటే అది ఇప్పుడు 1.4 కె దగ్గర ఉండాలి. ఆ రెసిస్టర్ ఒక కాలు బోర్డు నుంచి ఎత్తి కొలిచి చెప్పు.

కొత్తపేట_కుర్రోడు

1.42 కె. మాస్టారూ, మీరు తణుకులో కూచుని కొత్తపేటలో రెసిస్టర్ కొలిచేసేరు!

తణుకు_మాస్టారు

రెండు 1 కెలూ మార్చు, 2 వాట్ల మెటల్ ఫిల్మువి. బోర్డుకి ఆనకుండా కాస్త ఎత్తుగా పెట్టు. తరవాత ఎమిటర్ల దగ్గరున్న 0.47 ఓముల రెసిస్టర్ మీద మిల్లీవోల్టులు చూడు. 10 మిల్లీవోల్టులంటే 21 మిల్లీ ఆంపియర్లు, చాలు. 20 దాటనివ్వకు.

కొత్తపేట_కుర్రోడు

నడిమి పాయింటు 23.9. ఎమిటరు దగ్గర 11 మిల్లీవోల్టులు. గరగర పోయింది. మెల్లిగా మీటినా చివరిదాకా నిలుస్తోంది.

కానీ కొత్త తిరకాసు. గిటారు పెట్టకుండా, వాల్యూం సున్నా పెట్టి వదిలేస్తే పావుగంటలో హీట్‌సింకు చెయ్యి పెట్టలేనంత వేడి. స్పీకర్లో ఏ శబ్దమూ లేదు. అప్పుడు మిల్లీవోల్టులు చూస్తే 60, 70 మధ్య గెంతుతున్నాయి.

అంబాజీపేట_బాసు

బయాస్ ఎక్కువైపోయిందేమో?

తణుకు_మాస్టారు

బయాసైతే మెల్లిగా పెరుగుతూ పోతుంది, గెంతదు. చెవికి వినపడకుండా వేడెక్కుతోందంటే ఆంప్ తనలో తనే ఊగుతోంది, వందల కిలోహెర్ట్జుల దగ్గర. తరంగాన్ని చూపించే ఆసిలోస్కోపు లేదు కాబట్టి ఒక పని చెయ్యి. మీడియం వేవ్ రేడియో ఉంటే విజయవాడ స్టేషను, 837 కిలోహెర్ట్జుల దగ్గర పెట్టి ఆంప్ పక్కకి తీసుకురా. ఆంప్ స్విచ్చి వేస్తే స్టేషను బుసకొట్టి మాయమవుతుందా?

కొత్తపేట_కుర్రోడు

మాయమైందండి! ఆపితే మళ్ళీ వస్తోంది.

గల్ఫ్_గోదారి

దీనికి కారణం ఆసక్తిగా ఉంటుంది. పాత 2ఎన్3055 హోమోటాక్సియల్ పద్ధతిలో చేసేవారు. మహా మందకొడి, 0.8 మెగాహెర్ట్జు దగ్గరే చేతులెత్తేస్తుంది. ఇప్పుడొచ్చేవి ఎపిటాక్సియల్, 2.5 మెగాహెర్ట్జు దాకా లాగుతాయి. పేరు అదే, పెట్టె అదే, లోపల వేరే సరుకు. రాజమండ్రి మెకానిక్ ఆ రోజు పాత సరుకు నెమ్మదితనాన్ని నమ్ముకుని కట్టేడు, అడ్డుకట్టలేమీ వెయ్యలేదు. నువ్వు కుర్ర ఎద్దుల్ని పాత బండికి కట్టేవు.

స్పీకరు టెర్మినళ్ళకి అడ్డంగా 10 ఓముల 2 వాట్ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ 100 వోల్టుల పాలిస్టర్ సీరీస్‌లో పెట్టు. దాన్ని జోబెల్ అంటారు. ఎస్‌ఎల్100 కలెక్టరు, బేసు మధ్య 100 పీఎఫ్ (పికోఫారడ్) సిరామిక్ కండెన్సర్. చాలకపోతే 220కి వెళ్ళు. ముందు జోబెల్ ఒక్కటే వేసి చూడు. ఆ 10 ఓములు వేడెక్కి వాసన కొడుతోందంటే ఊగుడు ఇంకా ఉన్నట్టే.

కొత్తపేట_కుర్రోడు

జోబెల్‌తో సగం తగ్గింది, రెసిస్టర్ మటుకు కాలింది. 220 పీఎఫ్ వేసేక రేడియో చక్కగా పాడుతోంది, 10 ఓములు చల్లగా ఉంది, హీట్‌సింకు గోరువెచ్చన.

పాలకొల్లు_పవర్

చేతులు కాల్చుకున్నాం అన్నానే, ఇందుకే కాలేయన్నమాట. కొత్త జత వేస్తే పాత సెట్లు వేడెక్కిపోతుంటే బజారు సరుకుని తిట్టేవాళ్ళం. 220 పీఎఫ్ సంగతి రాసిపెట్టుకున్నానండి.

అంబాజీపేట_బాసు

ఇక హమ్మింగ్ ఎలా ఉంది? నాకు ఆంప్ బాగైందంటే హమ్మింగ్ పోవడమే.

కొత్తపేట_కుర్రోడు

ఉంది అన్నా. గిటారు పిన్ను పెట్టకపోతే తక్కువ, పెడితే ఎక్కువ. తీగలు పట్టుకుంటే తగ్గుతోంది.

మూడోపిన్ను

ఫిల్టర్ కండెన్సర్ వల్లైతే 100 హెర్ట్జుల దగ్గర గుర్రుమంటుంది, నాబు తిప్పినా మారదు. నీది 50 హెర్ట్జులు, బయట నుంచి పట్టుకుంటోంది. ఛాసిస్‌కి సిగ్నల్ గ్రౌండు ఎన్ని చోట్ల తగులుతోందో చూడు. ఒక్క చోటే ఉండాలి, ఇన్‌పుట్ జాక్ దగ్గర. రెక్టిఫయర్ నెగెటివ్ నుంచి వచ్చే వైరు, స్పీకరు నుంచి తిరిగొచ్చే వైరు మెయిన్ కండెన్సర్ దగ్గరే కలవాలి, ఇన్‌పుట్ దగ్గర కాదు. హమ్మింగ్ పోగొట్టడానికని ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసేవాళ్ళున్నారు. ఆ సలహా ఇక్కడెవరైనా ఇస్తే ఊరుకోను.

యానాం_తీగ

ఇవ్వబోయేను అక్కా, ఆగిపోయేను.

కొత్తపేట_కుర్రోడు

మైక్ ఇన్‌పుట్ జాక్ కూడా ఛాసిస్‌కి తగులుతోంది. ఫైబర్ వాషరు పెట్టి విడదీసి, ఇన్‌పుట్ నుంచి వాల్యూం దాకా షీల్డు వైరు కొత్తది లాగేను. ఎనభై శాతం పోయింది. మిగిలింది గిటారు సింగిల్ కాయిల్ పికప్పుది అనుకుంటున్నా, నేను పక్కకి తిరిగితే తగ్గుతోంది.

అంబాజీపేట_బాసు

అది గిటారుదే. వదిలెయ్యి.

స్పీకరు సంగతి? మీటరుతో కొలిస్తే డీసీ రెసిస్టెన్సు ఎంత?

కొత్తపేట_కుర్రోడు

6.4 ఓములు. 8 ఓముల స్పీకరే కదా. కాయితం మీద రెండు చోట్ల చీలిక. కొత్త కోను వేయించమంటారా?

అంబాజీపేట_బాసు

చీలిక అంచు వైపా, మధ్యలోనా? వేలితో రెండు వైపులా సమంగా నొక్కి చూడు, కాయిల్ గీసుకోకుండా నున్నగా కదిలితే కోను ఉంచుకో. పాత కాయితానికి ఉన్న పొడి గొంతు కొత్త కోనుకి రాదు. వడపోత కాయితం లాంటి పలచటి ముక్క చీలిక కంటే కాస్త పెద్దది కత్తిరించి, ఫెవికాల్‌ని నీళ్ళలో కలిపి వెనక వైపు అతికించు. చిక్కటి ఫెవికాల్ రాస్తే బరువెక్కి గొంతు బొంగురుపోతుంది.

చాలామంది ట్రాన్సిస్టర్ ఆంప్ అంటే చిన్నచూపు చూస్తారు, పాత గాజు గొట్టాల వాల్వే దేవుడంటారు. రోలండ్ జాజ్ కోరస్ 1975లో వచ్చింది, నిఖార్సైన ట్రాన్సిస్టర్ ఆంప్. శుభ్రమైన గిటారు శబ్దానికి ఇప్పటికీ దాన్నే కొలబద్దగా చెప్తారు. బీబీ కింగ్ ఏళ్ళ తరబడి వాయించిన ల్యాబ్ సీరీస్ ఎల్5 కూడా ట్రాన్సిస్టరే. 60ల్లో ఫెండర్ తెచ్చిన మొదటి ట్రాన్సిస్టర్ ఆంప్‌లు ఊరికే పాడైపోయి మొత్తం జాతికే చెడ్డపేరు తెచ్చేయి, అంతే. మన పాటల్లో గిటారు ఎక్కువగా మెత్తగా, స్పష్టంగా వినిపించాల్సిందే కదా. దానికి ఈ రకం చక్కగా సరిపోతుంది.

గల్ఫ్_గోదారి

గిటారుని బొంగురుగా అరిపించాలనుకుంటే ఆంప్ ముందు పెడల్ పెట్టుకుంటాడు. ఆంప్‌ని మటుకు దాని మానాన ఉండనివ్వాలి.

కొత్తపేట_కుర్రోడు

స్పీకరు అతికించేను. ఇక ఆఖరిది: స్పీడ్, డెప్త్. ట్రెమెలో అనుకుంటా, పని చెయ్యట్లేదు. అక్కడ నల్ల టేపు చుట్టిన గొట్టం ఒకటుంది. టేపు విప్పితే ఒక వైపు టార్చిలైటు బల్బు, రెండో వైపు గుండ్రటి బిళ్ళ మీద పాము మెలికల్లా గీతలు. ఓఆర్‌పీ12 అని ఉంది.

తణుకు_మాస్టారు

ఓహో! మీ మామయ్య మెకానిక్ మామూలువాడు కాదు. ఓఆర్‌పీ12 అంటే ఎల్‌డీఆర్, వెలుతురు పడితే రెసిస్టెన్సు పడిపోతుంది. బల్బు వెలిగి ఆరుతుంటే దాంతో పాటు శబ్దం పెరిగి తగ్గుతుంది. సర్క్యూట్‌కి తగలకుండా వెలుతురుతో చేసే పని కాబట్టి టకటకమనే చప్పుడు రాదు.

బిళ్ళ మీద వేలు అడ్డంపెట్టి కొలువు. చీకట్లో మెగా ఓమ్ దాకా పోయి, వెలుతురులో వందల ఓములకి దిగితే అది బాగున్నట్టే. బల్బు తీగ తెగిందేమో చూడు. రెండూ బాగుంటే ఊగించే బీసీ148 చుట్టూ చూడు. అది ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటరు అయ్యుంటుంది, మూడు కండెన్సర్లు వరసగా. సెకనుకి నాలుగైదు సార్లు ఊగాలి కాబట్టి అక్కడ చిన్న ఎలక్ట్రోలిటిక్‌లే వేసుంటాడు. వాటిలో ఒక్కటి ఎండినా ఊగుడు మొదలవ్వదు.

కొత్తపేట_కుర్రోడు

మూడూ 1 మైక్రోఫారడ్‌వి. రెండు ఎండిపోయేయి. పాలిస్టర్‌వి వేసేసేను. బల్బు మినుకుమినుకుమంటోంది, గిటారు అలలు అలలుగా వస్తోంది! మామయ్యకి వీడియో కాల్‌లో చూపించేను. డెప్త్ నాబు సగం దాటితే శబ్దం పూర్తిగా ఆగిపోయేదని, ఆయన ఎప్పుడూ మూడు మీదే పెట్టేవారని చెప్పేరు. సరిగ్గా అలాగే ఉంది.

సంక్రాంతి పండక్కి ఊళ్ళో చిన్న ప్రోగ్రాం అనుకుంటున్నాం. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళొచ్చినవాళ్ళంతా సాయంత్రం ఉంటారు కదా. జనరేటరు మీదే.

మూడోపిన్ను

జనరేటరు బాడీకి ఎర్త్ రాడ్ పాతించు, ఇసక నేలైతే నీళ్ళు పోయించు. జనరేటరు నూట్రల్‌ని కూడా ఆ ఎర్త్‌కే కలిపించు, లేకపోతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టినా అది పని చెయ్యదు. ఆ ఆర్‌సీసీబీ స్టేజీ బోర్డు మీద ఉండాలి. ఆంప్, మైకుసెట్టు ఒకే బోర్డు నుంచి తీసుకోండి. మైకుసెట్టు వేరే ఫేజు మీద, నువ్వు వేరే ఫేజు మీద ఉండొద్దు.

పాలకొల్లు_పవర్

మైకుసెట్టు నేను పంపిస్తాను, అద్దె వద్దు. ఆ ఆంప్ ముందు ఒక మైకు పెట్టి బయటికి లాగుదాం, 25 వాట్లతో తీర్థం జనానికి చాలదు. బదులుగా నువ్వు సర్క్యూట్ గీసి పెట్టు. విలువలన్నీ, డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు ఎన్ని ఓములున్నాయో కూడా రాయి.

కొత్తపేట_కుర్రోడు

గీస్తున్నాను అన్నా. ప్రైమరీ 41 ఓములు, సెకండరీ చుట్లు 6.2, 6.3. మిగతావి సరిచూసి రేపు స్కాన్ పెడతాను. పైలట్ ల్యాంపు ఒక్కటి వెలగట్లేదు, 6.3 వోల్టులది.

గల్ఫ్_గోదారి

పాత రేడియో డయల్ బల్బు పెట్టు, అదే వోల్టేజీ. ఎల్‌ఈడీ పెట్టి దాని మొహం పాడుచెయ్యకు.

నర్సాపురం_నాదం

కొత్తగా చేరేనండి, ఈ చర్చంతా చదివేను. మా చర్చిలో ఇలాంటిదే పాతది ఒకటుంది. దాంట్లో పెద్ద ట్రాన్సిస్టర్ల మీద ఏడీ149 అని ఉంది, ఒకటి పోయింది. వాటి బదులు 2ఎన్3055లు వేసెయ్యొచ్చా? చూడ్డానికి ఒకేలా ఉన్నాయి.

తణుకు_మాస్టారు

పై లోహపు ఒళ్ళు ఒకటే, లోపలిది పూర్తిగా వేరు. ఏడీ149 జర్మేనియం, పైగా పీఎన్‌పీ. బేసుకి 0.2, 0.3 వోల్టులు చాలు, సప్లయి కూడా తిరగబడి పాజిటివ్ గ్రౌండుకి ఉండొచ్చు. 2ఎన్3055 పెట్టేరంటే తిన్నగా కాలుతుంది. ఇంకో సంగతి, జర్మేనియానికి మన మే నెల ఎండ పడదు, వేడికి లీకేజీ పెరుగుతుంది. ఫ్యాను గాలి తగిలే చోట పెట్టండి. వేరే చర్చ మొదలెట్టి, బోర్డు రెండు వైపుల ఫొటోలూ, ఫ్యూజు ఫొటో కూడా పెట్టండి. సీరీస్ బోర్డు ఉందాండి మీ దగ్గర?

నర్సాపురం_నాదం

లేదండి. అనపర్తికి బల్బు కోసం మనిషిని పంపించేను.